లంగాకీ లుంగీకీ మధ్య రెండు గుణింతాలే

స్కాట్లండ్ లో మగవాళ్ళు స్కర్టులు వేసుకుంటారని టీవీలో చూసి మనవాళ్ళు పగలబడి నవ్వుతారు. నవ్వేటప్పుడు వాళ్ళ ఒంటి మీద ఉండేది లుంగీ. నడుము చుట్టూ తిరిగి మడమల దాకా దిగే గొట్టం లాంటి గుడ్డ. కాళ్ళకి విడివిడి దారులు లేవు. బయటి దేశం వాడు చూస్తే దాన్ని లాంగ్ స్కర్ట్ అనే అంటాడు. మనం మాత్రం ఆడపిల్ల వేసుకుంటే లంగా అంటాం, మగాడు కట్టుకుంటే లుంగీ అంటాం. ఆ రెండు మాటలకీ మధ్య తేడా రెండు గుణింతాలే.

మగవాళ్ళు స్కర్ట్ వేసుకోవచ్చా అని యూరప్ లోనో అమెరికాలోనో అడిగితే అర్థం ఉంది. మన దగ్గర ఆ ప్రశ్నకి రెండు వేల ఏళ్ళ క్రితమే జవాబు దొరికింది. మనం అడగాల్సింది వేరే ఉంది. ఇంత కాలం కట్టుకున్న గుడ్డతో ఇప్పుడు వీధి చివరి దాకా వెళ్ళడానికి మనకి మొహమాటం ఎందుకు? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లుంగీ అసౌకర్యంగా ఉండి మనం వదిలెయ్యలేదు. మనకి ఉద్యోగం ఇచ్చేవాడు ఏ బట్ట వేసుకుంటే ఆ బట్టే మర్యాద అయ్యింది. మిగతా కారణాలన్నీ తర్వాత వచ్చి చేరాయి.

నేను ఉండేది కొత్తపేటలో, అంటే దిల్‌సుఖ్‌నగర్ కీ ఎల్బీ నగర్ కీ మధ్యలో. ఇక్కడ లుంగీ ఎంత దూరం వెళ్ళొచ్చో ఎక్కడా రాసి లేదు కానీ అందరికీ తెలుసు. మెట్లు దిగి పాల ప్యాకెట్ తెచ్చుకోవచ్చు. గల్లీ చివర కిరాణా కొట్టు దాకా వెళ్ళొచ్చు. టీ కొట్టు దగ్గర నిలబడొచ్చు, అదీ పొద్దున తొమ్మిది లోపే. మెయిన్ రోడ్డు వచ్చేసరికి లుంగీ ఆగిపోతుంది. మెట్రోలో లుంగీ కట్టుకోకూడదని రూలేమీ లేదు, అయినా హైటెక్ సిటీకి వెళ్ళే వాడెవడూ లుంగీతో ఎక్కడు. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి కోచింగ్ కి వెళ్ళే నల్గొండ, ఖమ్మం, సూర్యాపేట కుర్రాళ్ళ లుంగీలు డాబాల మీద బోలెడు ఆరుతుంటాయి. క్లాసు రూములో ఒక్కటి కూడా కనపడదు.

ఇప్పుడు ఎల్బీ నగర్ వైపు పొద్దున్నే అడ్డా మీద పని కోసం నిలబడే మనుషుల్ని చూడండి. లుంగీలో వచ్చిన మేస్త్రీ లుంగీలోనే బస్సెక్కుతాడు, లుంగీలోనే గోడ కడతాడు, లుంగీలోనే టిఫిన్ సెంటర్ బల్ల మీద కూర్చుంటాడు. ఆయన లుంగీకి సరిహద్దు లేదు. ఆ పక్కనే పాలమూరు వైపు నుంచి వచ్చిన పెద్ద వయసు ఆడవాళ్ళు కొందరు గోచీ చీరలో ఉంటారు. చీరని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపుతారు. అంటే రెండు కాళ్ళకీ రెండు దారులు ఉన్న బట్ట, లెక్క ప్రకారం ప్యాంటు. ఒకే అడ్డా మీద మగవాళ్ళు స్కర్ట్ లోనూ ఆడవాళ్ళు ప్యాంటు లోనూ నిలబడి ఉంటే మనకెవరికీ వింతగా అనిపించదు. స్కర్ట్ ఆడవాళ్ళది, ప్యాంటు మగవాళ్ళది అనే సూత్రం ఈ నేల మీద పుట్టలేదని చెప్పడానికి ఈ ఒక్క దృశ్యం చాలు.

మరి ప్యాంటు ఎక్కడ పుట్టింది? గుర్రం మీద. ఇప్పటిదాకా దొరికిన అతి పాత ప్యాంట్లు చైనాలో తుర్ఫాన్ దగ్గర యాంఘాయ్ అనే చోట పాత సమాధుల్లో దొరికాయి. ఊలుతో నేసినవి, వయసు సుమారు 3,000 ఏళ్ళు. వాటి మీద 2014లో పరిశోధన వ్యాసం వచ్చింది. గుర్రపు స్వారీతోనే ఇలాంటి బట్ట మొదలయ్యిందని ఆ పరిశోధకుల అభిప్రాయం. గుర్రానికి చెరో పక్క కాలు వేసి రోజంతా తిరిగేవాడికి చుట్టుకునే గుడ్డ పనికిరాదు కదా. క్రీ.పూ. 307లో చైనాలో ఝావో రాజ్యాన్ని ఏలిన వూలింగ్ రాజు, సంచార జాతుల్లాగా గుర్రం మీద నుంచి బాణాలు వేసే సైన్యం కావాలని ముందు తన వాళ్ళ బట్టలు మార్పించాడు. అది అనాగరికుల వేషం అని దర్బారులో పెద్దలు గొడవ చేశారు. రోమన్లదీ అదే అభిప్రాయం. క్రీ.శ. 4వ శతాబ్దం చివర్లో రోమ్ నగరంలో ప్యాంట్లు వేసుకుని తిరగకూడదని చట్టమే చేశారు. అంటే అప్పట్లో ఒంటికి గుడ్డ చుట్టుకున్నవాడు పెద్దమనిషి, ప్యాంటు తొడుక్కున్నవాడు మోటువాడు.

మన దగ్గర కూడా అంతే. అమరావతి స్తూపం శిల్పాలు చూడండి. ఆడా మగా, రాజూ పరివారమూ, అందరికీ నడుము నుంచి చుట్టుకున్న బట్టే. కట్టే తీరులో తేడాలున్నాయి కానీ ఆడవాళ్ళకి ఒక రకం గుడ్డ, మగవాళ్ళకి ఇంకో రకం గుడ్డ అని లేదు. ఎల్బీ నగర్ లో సాగర్ రోడ్డు పట్టుకుంటే మూడు గంటల్లో నాగార్జున సాగర్ వస్తుంది. 1967లో డ్యామ్ ప్రారంభమైంది, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ నీళ్ళ కింద ఉండిపోయింది. మునిగేలోపు తవ్వి తీసిన శిల్పాలని నీళ్ళ మధ్యలో మిగిలిన కొండ మీద మ్యూజియంలో పెట్టారు. ఆ తవ్వకాల్లో దొరికిన ఒక స్తంభం మీద శక సైనికుడి బొమ్మ ఉంది. కుట్టిన చొక్కా, ప్యాంటు, చేతిలో బల్లెం. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు ఉజ్జయిని క్షత్రపుల ఇంటి పిల్లని చేసుకున్నాడని శాసనాన్ని బట్టి చరిత్రకారులు చెపుతారు. కాబట్టి శకులు ఇక్కడ కనపడటంలో ఆశ్చర్యం లేదు. నాకు ఆసక్తిగా అనిపించేది ఏమిటంటే, ఆ కాలపు తెలుగు నేల మీద ప్యాంటు వేసుకున్నవాడు కాపలా ఉద్యోగి, పంచె కట్టుకున్నవాడు యజమాని. ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర చూసినా ఆదివారం పూట అదే సీను. సెక్యూరిటీ గార్డు యూనిఫాం ప్యాంటులో ఉంటాడు, ఫ్లాట్ ఓనరు లుంగీలో దిగుతాడు.

పై నుంచి ఒత్తిడి విజయనగర కాలానికి బాగా కనపడుతుంది. దక్కన్ సుల్తానుల దర్బార్లలో కుట్టిన బట్టలు. వాళ్ళతో సమానంగా కూర్చోవాలి కాబట్టి విజయనగర రాజులు కూడా దర్బారులో కబాయి అనే పొడుగు చొక్కా, కుళ్ళాయి అనే పొడుగు టోపీ వాడారు. శ్రీనాథుడు అక్కడి రాజుని చూడటానికి కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చిందని వాపోయిన చాటుపద్యం తెలుగు చదువుకున్న అందరికీ తెలుసు. తిరుమల గుళ్ళో కృష్ణదేవరాయల లోహ విగ్రహం ఉంది, ఇద్దరు భార్యల మధ్య చేతులు జోడించి నిలబడి ఉంటాడు. తల మీద పొడుగు కుళ్ళాయి ఉంది, ఒంటి మీద చొక్కా లేదు, కింద పంచె. దర్బారుకి ఒక బట్ట, దేవుడి ముందు ఇంకో బట్ట. మనం చేసేదీ అదే. ఆఫీసుకి ప్యాంటు, సత్యనారాయణ వ్రతానికి పంచె.

ఆ తర్వాత నిజాం కాలంలో హైదరాబాద్ దర్బారుకి షేర్వానీ, పైజామా వచ్చాయి. ఊళ్ళో రైతుకి ధోతి, తలకి రుమాలు, భుజాన గొంగడి అలాగే ఉన్నాయి. ఇంగ్లీషు వాళ్ళ కిందున్న జిల్లాల్లో ప్లీడర్లు, పంతుళ్ళు మధ్యే మార్గం పట్టారు. పైన కోటు, తలపాగా, కింద పంచె. వర్క్ ఫ్రం హోం లో మనం కనిపెట్టామనుకున్న డ్రెస్సు వాళ్ళు వందేళ్ళ ముందే వేసుకున్నారు. 2020లో కెమెరాకి కనపడే మేరకి కాలర్ చొక్కా, టేబుల్ కింద లుంగీ. అలా కూర్చునే ఎన్ని ప్రాజెక్టులు డెలివరీ అయ్యాయో మేనేజర్లందరికీ తెలుసు, వాళ్ళ కింద కూడా లుంగీయే కాబట్టి.

ఇంకో మాట. లుంగీ మనం సిగ్గుపడాల్సిన గుడ్డ అయితే దాన్ని ప్రపంచానికి అమ్మి ఉండేవాళ్ళం కాదు. మలేషియాలో మగవాళ్ళు కట్టుకునే గళ్ళ లుంగీని కైన్ పెలికాట్ అంటారు. ఆ పెలికాట్ మన పులికాట్. డచ్ వాళ్ళు 17వ శతాబ్దం మొదట్లో పులికాట్ లో కోట కట్టుకుని ఈ తీరం గుడ్డలని తూర్పు దీవులకి ఓడల్లో పంపారు. గుడ్డతో పాటు ఊరి పేరు కూడా వెళ్ళి అక్కడి భాషలో ఉండిపోయింది. చీరాల వైపు మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాలు గుడ్డ నైజీరియా దాకా వెళ్ళి అక్కడి కలబారి వాళ్ళ నడుములకి చుట్టుకుంది.

సరే, సౌకర్యం సంగతికి వద్దాం. ఇంజినీరింగ్ చదివాను కాబట్టి దీన్ని ఒక డిజైన్ లాగా చూడటం నాకు ఇష్టం. లుంగీ చుట్టుకొలత సుమారు 2 మీటర్లు, కుట్టు ఒకటే. సైజులు లేవు. 28 నడుము ఉన్న కుర్రాడికీ 40 నడుము ఉన్న వాళ్ళ నాన్నకీ అదే లుంగీ సరిపోతుంది. పొట్ట పెరిగితే ముడి మారుతుంది, గుడ్డ మారక్కర్లేదు. మే నెలలో 42 డిగ్రీల ఎండలో కింద నుంచి గాలి ఆడుతుంది. జీన్స్ లో చెమట పట్టి గజ్జల్లో తామర తెచ్చుకున్న హాస్టల్ కుర్రాడిని అడగండి, డాక్టర్ మందు రాసి వదులు బట్టలు వేసుకోమన్నాడని చెపుతాడు. వానాకాలంలో జీన్స్ ఆరడానికి రెండు రోజులు పడుతుంది, లుంగీ ఫ్యాన్ కింద గంటలో ఆరుతుంది. కప్పుకుంటే దుప్పటి, తుడుచుకుంటే తువ్వాలు, చెట్టుకి కడితే పసిపిల్ల ఉయ్యాల, చుట్టి నెత్తిన పెట్టుకుంటే చుట్టకుదురు. నలుగురిలో బట్టలు మార్చుకోవాల్సి వస్తే అదే గది.

దాని పొడవు మనం మార్చుకోగలగడం అన్నిటికన్నా పెద్ద లాభం. నిలబడి ఉంటే మడమల దాకా, పని మొదలైతే మోకాళ్ళ పైకి. 2020 అక్టోబరు వానలకి సరూర్‌నగర్ చెరువు పొంగి కింద కాలనీలు మునిగాయి. మోకాలి లోతు నీళ్ళలో ప్యాంటు వేసుకున్నవాడు తడిసిన బరువు మోస్తూ నడవాలి. లుంగీ కట్టుకున్నవాడు ఎగ్గట్టి నడిచి, అవతలి ఒడ్డున దించుకుని పొడి గుడ్డతో వెళ్ళిపోవచ్చు. ఎగ్గట్టడానికి మర్యాదలు కూడా ఉన్నాయి. పెద్దవాళ్ళు ఎదురైతే మడిచిన లుంగీ దించుతారు. పోట్లాటకి దిగే ముందు పైకి మడుస్తారు. మాట లేకుండా ఇంత చెప్పే బట్ట ఇంకోటి నాకు తెలీదు.

పంచెతో నడవలేరు అనేవాళ్ళకి ఒకటే గుర్తు చేస్తాను. 2003 వేసవిలో రాజశేఖరరెడ్డి చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా దాదాపు 1,500 కిలోమీటర్లు నడిచింది పంచెలోనే. పంచె కట్టుకుంటే బుర్ర పాతకాలంలో ఉండిపోతుంది అనేవాళ్ళకి ఇంకొకటి. 1991లో ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టి మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకి దారి వేసిన పి.వి. నరసింహారావు పంచె మనిషి, కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం కూడా నేర్చుకున్నాడు. అసలు ఎల్బీ నగర్ అంటే లాల్ బహదూర్ నగర్. ఆ పేరుగల ప్రధానమంత్రి ధోతీలోనే దేశాన్ని నడిపాడు. రాజకీయాల్లో పంచె ఇంకా ఎందుకు బతికుంది అంటే అక్కడ ఇంటర్వ్యూ చేసేది ఓటరు. మనల్ని ఇంటర్వ్యూ చేసేవాడు ప్యాంటులో ఉంటాడు.

లుంగీకి లోపాలు లేవని నేను అనను. జేబు లేదు. దానికి అడ్డా మీద వాళ్ళు ఎప్పుడో పరిష్కారం కనిపెట్టారు, లోపల వేసుకునే పట్టాపట్టి డ్రాయర్ కి జేబు ఉంటుంది. ఫిజీలో మగవాళ్ళు ఆఫీసుకి కట్టుకునే సులుకి కూడా జేబులు కుడతారు. తిరిగే మిషన్ల దగ్గర వేలాడే గుడ్డ ప్రమాదం, అక్కడ ప్యాంటే సరి. బైకు మీద ఇబ్బంది ఉంది. కానీ చీర కట్టుకున్న ఆడవాళ్ళకి ఇదే ఇబ్బంది వస్తే మనం ఏం చేశాం? 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వెనక చక్రానికి సగం దాకా కవచం ఉండాలని పెట్టాం. చక్రంలో బట్ట పడకుండా బండినే మార్చాం. ముడి జారుతుందనే భయం మాత్రం అలవాటు లేనివాళ్ళదే. అది లేకుండా పుట్టిందే ట్రెడిషనల్ డే రోజు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు వేసుకునే వెల్‌క్రో పంచె. ఏడాదికి ఒక్క రోజు సంప్రదాయం, అదీ అంటించుకుని.

ఇక ఆడతనం సంగతి. బ్రిటిష్ ప్రభుత్వం 1746లో చట్టం చేసి స్కాట్లండ్ కొండ ప్రాంతాల్లో కిల్ట్ కట్టుకోవడం నిషేధించింది. 1782 దాకా ఆ నిషేధం ఉంది. ఆ స్కర్ట్ లో వాళ్ళకి కనపడింది తిరుగుబాటు. ఆడంగితనం అనుకుని ఉంటే నవ్వి ఊరుకునేవాళ్ళు. మన దగ్గర ఎవరినైనా అవమానించాలంటే చీర, గాజులు పంపుతారు. రాజకీయ నాయకులు కూడా ఈ పని చేస్తారు, అందులో ఆడవాళ్ళు కూడా ఉంటారు. చీర పంపేవాడి నడుముకి ఉండేది కూడా కుట్టని గుడ్డే. గుడ్డలో తేడా లేదు, ఆ గుడ్డ ఆడమనిషిది అనుకోవడంలోనే అవమానం ఉంది. మయన్మార్ లో ఆడా మగా అందరూ లుంగీ లాంటి గుడ్డే కట్టుకుంటారు, ఆఫీసుకి కూడా. మగవాళ్ళది పసో, ఆడవాళ్ళది టమెయిన్. అయినా ఆడవాళ్ళ టమెయిన్ కింద నుంచి నడిస్తే మగాడి బలం పోతుందని నమ్మకం. 2021లో సైన్యం అధికారం లాక్కున్నాక అక్కడి ఆడవాళ్ళు వీధులకి అడ్డంగా తాళ్ళు కట్టి టమెయిన్లు ఆరేశారు. తుపాకులున్న సైనికులు వాటిని దించేదాకా ముందుకి రావడానికి తటపటాయించారు. బట్ట ఒకటే అయినా సరిపోదు, ఆడవాళ్ళ మీద చిన్నచూపు అలాగే ఉంటే బట్టకి కూడా కులం లాంటిది పుడుతుంది.

అందుకే ఆడవాళ్ళు ప్యాంటు వేసుకుంటే అభివృద్ధి అంటారు, మగవాళ్ళు స్కర్ట్ వేసుకుంటే వేషం అంటారు. కింది మెట్టు నుంచి పై మెట్టుకి ఎక్కడం అందరికీ అర్థమవుతుంది, దిగడం అర్థం కాదు. లుంగీ విషయంలో ఇంకో మెట్టు కూడా ఉంది, అది కూలీ మెట్టు. 2013లో ఢాకాలో బారిధారా అనే ఖరీదైన కాలనీ వాళ్ళు రిక్షా తొక్కేవాళ్ళు లుంగీలో రాకూడదని రూలు పెట్టారు. కుర్రాళ్ళు లుంగీలు కట్టుకుని సైకిళ్ళ మీద ఊరేగింపుగా వెళ్ళి నిరసన తెలిపారు. 2014లో చెన్నైలో క్రికెట్ సంఘం క్లబ్బుకి పంచెలో వచ్చిన హైకోర్టు జడ్జిని లోపలికి రానివ్వలేదు. ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం అలా అడ్డుకుంటే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా అని చట్టం చేసింది. 2024 జులైలో బెంగుళూరులో ఒక మాల్ లో పంచె కట్టుకున్న రైతుని గేటు దగ్గరే ఆపేశారు. ఆపిన సెక్యూరిటీ గార్డు నాన్న కూడా ఊళ్ళో పంచె కట్టుకునేవాడే అయ్యుంటాడని నా అనుమానం.

ఎండ పెరిగే కొద్దీ ఈ విషయం అందరి మెడకీ చుట్టుకుంటుంది. 2005లో జపాన్ ప్రభుత్వం వేసవిలో టై, కోటు తీసేసి ఏసీ 28 డిగ్రీల దగ్గర పెట్టుకోమని ఉద్యోగులకి చెప్పింది. 2013లో స్వీడన్ లో నిక్కర్లు వేసుకోవద్దన్నారని రైలు డ్రైవర్లు, 2017లో ఫ్రాన్స్ లోని నాంత్ లో బస్సు డ్రైవర్లు, అదే నెలలో ఇంగ్లండ్ లోని ఎక్సెటర్ లో స్కూలు పిల్లలు, స్కర్టులు వేసుకుని డ్యూటీకీ క్లాసుకీ వెళ్ళారు. ఎండ వాళ్ళకి మన పాఠం నేర్పింది. మనం మాత్రం వాళ్ళ చలిదేశం బట్ట వేసుకుని, అది వేసుకున్నందుకు ఏసీ పెంచి, ఆ ఏసీకి కరెంటు కడుతున్నాం.

అందరూ రేపటి నుంచి లుంగీలో ఆఫీసుకి వెళ్ళాలని నేను అనడం లేదు. ప్యాంటు నచ్చినవాళ్ళు ప్యాంటు వేసుకోవచ్చు, గుర్రం లేకపోయినా. నేను అడిగేది రెండే. కంపెనీల డ్రెస్ కోడ్ కాగితంలో, కాలేజీల రూల్స్ లో మగవాళ్ళ బట్టల లిస్టులో ప్యాంటు పక్కన పంచె, లుంగీ అని కూడా రాయాలి, ఏడాది పొడుగునా. రెండోది, అడ్డా మీద లుంగీలో నిలబడ్డ మనిషిని చూసి ఏకవచనంలో పిలిచే ముందు మన ఇంట్లో తలుపు వెనక మేకుకి ఏం వేలాడుతుందో ఒకసారి చూసుకోవాలి.